జాక్‌మన్, టోగాఫ్, లేక గోడ మీద ఒక పట్టిక: గోదావరి జిల్లాల కంపెనీకి ఏది సరిపోతుంది?

మొన్న పాలకొల్లు వైపు ఒక రొయ్యల కంపెనీ మీటింగులో కూర్చున్నాను. వాళ్లకి రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ ఉంది, మేత మిల్లు ఉంది, ప్రాసెసింగ్ ప్లాంటు ఉంది, డెల్టా మొత్తం మీద మేత అమ్మే కొట్లు పదిహేను దాకా ఉన్నాయి. ప్రతిదానికీ ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఎండీ గారు అడిగింది ఒక్కటే: "మన మేత వాడిన రైతు పట్టుబడి మన ప్లాంటుకే వస్తోందా, బయటికి పోతోందా?" నలుగురు మేనేజర్లు నాలుగు అంకెలు చెప్పారు. తమాషా ఏమిటంటే ఒక్కరూ తప్పు చెప్పలేదు. ఎవరి కంప్యూటర్లో ఉన్నది వాళ్లు సరిగ్గానే తీశారు.

సాయంత్రం ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ చేయించుకుంటే అన్నీ దారికొస్తాయంటున్నారండి. ఒకాయన జాక్‌మన్ అంటాడు, ఇంకొకాయన టోగాఫ్ అంటాడు. ఏది కొనమంటారు?" అన్నారు. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటే సంస్థ పనులు, సమాచారం, సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి పొసిగేలా ప్లాను గీసుకోవడం. జాక్‌మన్, టోగాఫ్ దానికి వాడే నమూనాల పేర్లు. ఇది కొనే సరుకు కాదని చెప్పడానికే అరగంట పట్టింది. ఆ తర్వాత చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి సందిగ్ధంలోనే ఉన్న మరో నాలుగు కంపెనీలు నాకు తెలుసు.

ముందు గొడవ ఎక్కడుందో చూడండి

పద్ధతుల పేర్లు కాసేపు పక్కన పెడదాం. ఏ సమాచారం ఎక్కడ పుడుతుంది, దానికి ఎవరు బాధ్యులు, ఎవరెవరు వాడుకుంటారు, వ్యాపారం వెళ్లాలనుకున్న దారికి అది అక్కరకొస్తోందా? ఈ పద్ధతులన్నీ చెప్పేది ఈ లెక్కే. ధవళేశ్వరంలో 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. అక్కడినుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్లు పంచడానికి ఎవరి పొలానికి వాళ్లు కాలువ తవ్వుకుంటూ పోలేదు కదా. మన కంపెనీల్లో సాఫ్ట్‌వేర్లు మాత్రం సరిగ్గా అలాగే వచ్చాయి. ఎవరి బోదె వాళ్లు తవ్వుకున్నారు.

ఆ మీటింగులో నాలుగు అంకెలు రావడానికి కారణం 'రైతు' అన్న మాట. మేత కొట్టులో రైతంటే అరువు ఖాతా ఎవరి పేరున ఉందో ఆయన. హేచరీలో రైతంటే పిల్ల పట్టుకెళ్లడానికి ట్యాంకులతో వచ్చిన వ్యక్తి. ప్లాంటు కొనుగోలు విభాగంలో డబ్బు ఎవరి బ్యాంకు ఖాతాలో పడుతుందో ఆయన. క్వాలిటీ వాళ్ల ఫైల్లో చెరువు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ఆయన. మన వైపు చెరువుల్లో చాలా భాగం లీజు మీదే నడుస్తాయి కాబట్టి ఒకే చెరువుకి ఈ నలుగురూ నలుగురు వేర్వేరు మనుషులు కావచ్చు. భూమి బావగారిది, లీజు తమ్ముడిది, మేత ఖాతా డీలరుది, బ్యాంకు ఖాతా ఇంట్లో ఆడవాళ్లది. ఇక మీ కంప్యూటర్ ఎవరిని లెక్కపెట్టాలి?

'కౌంట్' సంగతి ఇంకా బావుంటుంది. చెరువు గట్టు మీద 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు. అదే సరుకు ప్లాంటులోకి వెళ్లి తల తీశాక కిలో పోయి పౌను వస్తుంది. కిలోకి 30 అంటే ఒక్కోటి సుమారు 33 గ్రాములు. తలతో దాదాపు మూడోవంతు బరువు పోతే 21, 22 గ్రాములు మిగులుతుంది. పౌనంటే 453 గ్రాములు గనక అమెరికా పెట్టె మీద అది 21/25 గ్రేడ్ అవుతుంది. కొనుగోలు రిపోర్టులో 'కౌంట్' 30, అమ్మకాల రిపోర్టులో 'కౌంట్' 21/25. రెండింటినీ ఒకే గడిలో పోసి గ్రాఫు గీసి, కొన్నదానికంటే పెద్ద రొయ్య అమ్మామని సంబరపడిన కుర్రాణ్ణి నేను చూశాను.

మీ గొడవ ఈ రకమైనదైతే దానికి పెద్ద పద్ధతి అక్కర్లేదు, చిన్నది చాలు. ఇంకో రకం గొడవ కూడా ఉంటుంది: మూడేళ్లలో అన్నీ మార్చాలి, ఆరుగురు వెండర్లున్నారు, బ్యాంకు అప్పు ఉంది, ఏది ముందో ఏది వెనకో తెలియదు. దానికి వేరే మందు కావాలి.

జాక్‌మన్: పద్ధతి కాదు, గళ్ల నోటుపుస్తకం

జాన్ జాక్‌మన్ ఐబీఎంలో పనిచేస్తూ 1987లో ఆ కంపెనీ జర్నల్లో ఒక వ్యాసం రాశాడు. అందులో మూడు నిలువు వరుసలే ఉండేవి: ఏమిటి, ఎలా, ఎక్కడ. 1992లో ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి చేరాయి. అడ్డవరుసలు మొత్తం పరిధి చూసేవాడి నుంచి మొదలై, యజమాని, ప్లాను గీసేవాడు, కట్టేవాడు అంటూ కిందికి దిగుతాయి. ఇప్పుడు ఆరు ఆర్లు 36 గళ్లు.

దీని గొప్పతనం మర్చిపోయినదాన్ని గుర్తు చేయడం. "డేటా సరే, ఎప్పుడు?" అని అడిగితే చాలామంది తడబడతారు. మనకి ఆ 'ఎప్పుడు' చాలా పెద్ద ప్రశ్న. పట్టుబడి రాత్రి రెండింటికి జరుగుతుంది, కాటా చీటీ గట్టు మీద రాస్తారు, కంప్యూటర్లోకి ఎక్కేసరికి మర్నాడు మధ్యాహ్నం. ఈలోగా సరుకు ప్లాంటులో గ్రేడింగ్ కూడా అయిపోతుంది.

అయితే ఏ గడి ముందు నింపాలో, నింపాక ఏం చేయాలో జాక్‌మన్ చెప్పడు. నేను దీన్ని పని అయ్యాక సరిచూసుకునే పట్టీగానే వాడతాను. 36 గళ్లూ నింపిస్తామని ఎవరైనా కొటేషన్ ఇస్తే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించేయండి. భీమవరంలో ఒక పెద్దాయన దీని గురించి విని అన్న మాట: "ఈ గళ్లన్నీ నిండేలోపు మనది రెండు పంటలు అయిపోద్దండి."

టోగాఫ్: పెద్ద పంక్తి భోజనానికి వంటల జాబితా

టోగాఫ్ మొదటి రూపు 1995లో వచ్చింది, అమెరికా రక్షణ శాఖ వాడుతున్న ఒక నమూనా ఆధారంగా. ఓపెన్ గ్రూప్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. ఇప్పుడున్నది 2022లో వచ్చిన పదో ఎడిషన్. దీని గుండెకాయ ఏడీఎం అనే చక్రం: ముందు సన్నాహక దశ, తర్వాత ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది దశలు. లక్ష్యం రాసుకోవడం, వ్యాపారం, సమాచారమూ అప్లికేషన్లూ, టెక్నాలజీ, ఏయే ప్రాజెక్టులు చేయాలి, ఏ వరుసలో మారాలి, మారేటప్పుడు కాపలా, మారాక మార్పుల నిర్వహణ. అవసరాల పట్టిక మధ్యలో కూర్చుని అన్ని దశలతోనూ మాట్లాడుతూ ఉంటుంది.

జాక్‌మన్ దగ్గర లేనిది ఇక్కడ ఉంది: ఒక క్రమం. ఇప్పుడు ఎలా ఉన్నాం, ఎలా ఉండాలి, మధ్య తేడా ఏమిటి, ఆ తేడా పూడ్చడానికి ఏ పని ముందు? ఈ నాలుగు ప్రశ్నలూ వ్యాపారానికి, డేటాకి, అప్లికేషన్లకి, మెషీన్లకి విడివిడిగా వేయిస్తుంది. కొత్త ఈఆర్‌పీ (అన్ని విభాగాలనీ ఒకేచోట నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్) పెడుతూ, కోల్డ్ స్టోరేజీ సెన్సార్లు పెడుతూ, హేచరీలో వేరే సాఫ్ట్‌వేర్ మారుస్తూ, ముగ్గురు వెండర్లతో రెండు మూడేళ్లు పడే పని అయితే ఈ క్రమం లేకుండా దిగొద్దు.

నా తప్పు కూడా చెప్పాలి. హైదరాబాద్ నుంచి వెనక్కి వచ్చిన కొత్తలో, సర్టిఫికెట్ వేడి మీద ఉన్నప్పుడు, ఒక మేత కంపెనీలో మొత్తం టోగాఫ్ దించాను. నాలుగు నెలలు. రంగురంగుల బొమ్మలు, మూడు బైండింగ్ పుస్తకాలు. పట్టుబళ్ల సీజన్ మొదలయ్యాక వాటిని తెరిచిన నాథుడు లేడు. తర్వాత ఒకసారి వెళ్తే అందులో ఒకటి స్టోర్ రూములో టేబుల్ కాలు కింద కనిపించింది. తప్పు టోగాఫ్‌ది కాదు. నీ సంస్థకు తగ్గట్టు కత్తిరించుకో అని సన్నాహక దశలోనే అది స్పష్టంగా చెబుతుంది. నేను కత్తెర పట్టుకోలేదు, అంతే.

ఇంకొకటి. ఆర్కిమేట్ అనే పేరు దీని పక్కనే వినపడుతుంది. అది బొమ్మలు గీసే భాష మాత్రమే. ఆర్కిమేట్‌లో గీస్తాం అంటే ఆర్కిటెక్చర్ చేస్తాం అని అర్థం కాదు.

పాత బీఎస్పీ పట్టిక: నా ఓటు దీనికే

బీఎస్పీ అనగానే ఏనుగు గుర్తు తలచుకోకండి. బిజినెస్ సిస్టమ్స్ ప్లానింగ్ అని 1970ల్లో ఐబీఎం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. జాక్‌మన్ కూడా మొదట్లో పనిచేసింది దీని మీదే. మొత్తం బీఎస్పీ ఇప్పుడెవరూ చేయరు, చేయనక్కర్లేదు కూడా. రిపోర్టులు లావెక్కి అమలు దాకా రావన్న పేరు దానికి అప్పట్లోనే ఉంది. అందులోని ఒక్క పట్టిక మాత్రం యాభై ఏళ్లయినా అరగలేదు.

ఎలాగంటే, గోడకి పెద్ద చార్టు అంటించండి. ఎడమవైపు పైనుంచి కిందికి సంస్థ చేసే పనులు రాయండి: పిల్ల అమ్మడం, మేత అరువివ్వడం, చెరువు చూసి రావడం, రేటు చెప్పడం, కాటా వేయడం, గ్రేడింగ్, ల్యాబ్ పరీక్ష, ప్యాకింగ్, రైతుకి డబ్బు కట్టడం. పైన అడ్డంగా సమాచారం రాయండి: రైతు, చెరువు, పిల్ల బ్యాచి, అరువు ఖాతా, కాటా చీటీ, లాటు, పరీక్ష ఫలితం, పెట్టె. ప్రతి గడిలో ఆ పని ఆ సమాచారాన్ని పుట్టిస్తే 'పు', వాడుకుంటే 'వా' అని రాయండి. ఇంగ్లిష్‌లో సీ, యూ అంటారు, మా వాళ్లకి పు, వా తొందరగా ఎక్కాయి.

ఇప్పుడు నిలువునా చదవండి. ఒక వరుసలో 'పు' ఒక్కటే ఉంటే ఆ సమాచారానికి తండ్రి ఎవరో తెలిసినట్టే. ఒకే వరుసలో నాలుగు 'పు'లు కనిపిస్తే మీ గొడవ దొరికింది. ఒక్క 'పు' కూడా లేకుండా అన్నీ 'వా'లే ఉంటే ఇంకా ప్రమాదం: అందరూ వాడుతున్నారు, ఎవరూ రాయడం లేదు. పాలకొల్లు వాళ్ల చార్టులో 'రైతు' కింద నాలుగు 'పు'లు వచ్చాయి. 'చెరువు' కింద ఒక్కటీ లేదు. పదిహేనేళ్లుగా చెరువుల మీద బతుకుతున్న కంపెనీలో చెరువుకంటూ ఒక రికార్డు లేదు! ఫీల్డు కుర్రాళ్ల ఫోన్లలో "గుడి వెనక మూడోది" అని ఉంటుంది.

దీనికి మూడు వారాలు చాలు. గోదాం గుమాస్తా కూడా వచ్చి గడి దిద్దగలడు, అదీ దీని బలం. మా చార్టులో అసలైన దిద్దుబాట్లు కాటా దగ్గర నిలబడే మనిషి చేసినవే. బలహీనత ఏమిటంటే, వ్యాపారం ఎటు వెళ్లాలన్న ప్రశ్న ఇది అడగదు. ఉన్న ఇల్లు సర్దుతుంది తప్ప ఇల్లు మారాలా వద్దా అన్నది చెప్పదు.

ఉమ్మడి కాపురమా, వేరు కాపురమా

ఆ ప్రశ్న అడిగేది ఎంఐటీలో జీన్ రాస్, పీటర్ వెయిల్ బృందం చెప్పిన ఆపరేటింగ్ మోడల్. ఒక మధ్యాహ్నం పని. యజమానులందరినీ కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు వేయాలి. మీ యూనిట్లు ఒకదాని సమాచారం ఒకటి ఎంత పంచుకోవాలి? మీ యూనిట్లన్నీ పనిని ఎంత ఒకేలా చేయాలి? ఈ రెండిటికీ ఎక్కువ, తక్కువ అని జవాబిస్తే నాలుగు రకాలు వస్తాయి. వాళ్ల ఇంగ్లిష్ పేర్లు చెప్తే తల ఊపి ఊరుకుంటారు కాబట్టి నేను మన మాటల్లో చెబుతాను.

రెండూ తక్కువైతే వేరు కాపురాలు. ఒకే కుటుంబానికి తణుకులో రైస్ మిల్లు, రావులపాలెంలో అరటి వ్యాపారం ఉన్నాయనుకోండి. వాటికి ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ఎందుకు? ఖాతాలు ఏడాదికోసారి కలిస్తే చాలు.

పని ఒకేలా ఉండాలి, సమాచారం పంచుకోనక్కర్లేదు అంటే ఒకే వంట, వేరు ఇళ్లు. నరసాపురం, రాజోలు, అమలాపురంలో ఒకే కంపెనీ మేత కొట్లు ఇలాంటివి. బిల్లు ఒకేలా కొట్టాలి, స్టాకు ఒకేలా లెక్కించాలి. ఒక్క సాఫ్ట్‌వేర్ తయారుచేసి అన్నిచోట్లా అచ్చు గుద్దినట్టు దించొచ్చు.

సమాచారం పంచుకోవాలి కానీ పనులు వేరు అంటే వేరు పొయ్యిలు, ఒకే పద్దు. హేచరీ పనీ ప్లాంటు పనీ ఎక్కడా పోలవు. కానీ రైతు ఒకడే, చెరువు ఒకటే. డెల్టాలో పిల్ల నుంచి పెట్టె దాకా చేసే కంపెనీలు నాకు తెలిసి దాదాపు అన్నీ ఈ గడిలోకే వస్తాయి. వీళ్లకి కావాల్సింది రైతు, చెరువు, లాటు అనే మూడు ఉమ్మడి రికార్డులు. మిగతా సాఫ్ట్‌వేర్ ఎవరిది వాళ్లు ఉంచుకోవచ్చు.

రెండూ ఎక్కువైతే ఉమ్మడి కాపురం. అందరూ ఒకే పెద్ద ఈఆర్‌పీలో. వెండర్లు అమ్మజూపేది ఎప్పుడూ ఇదే, ఎందుకంటే బిల్లు పెద్దది. పాలకొల్లు వాళ్లకి వచ్చిన కొటేషన్ కూడా ఇదే. వాళ్ల జవాబులేమో మూడో గడిలో పడ్డాయి. హేచరీ మేనేజర్ని ప్లాంటు స్క్రీన్లలో పనిచేయమంటే ఆయన మళ్లీ నోటుపుస్తకం తీస్తాడు, అది ఖాయం.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'మన లక్ష్యం' అన్న మాటని రాయి మీద చెక్కినట్టు తీసుకోకండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, అమెరికా అమ్మకాలు పెంచడమే లక్ష్యంగా రాసుకున్న ప్లాన్లన్నీ ఒక్క రోజులో పాతబడ్డాయి. పాతబడనిది చెరువు జాడ. రొయ్య ఎక్కడ పట్టారో చూపించాలని అమెరికా 2018 చివరి నుంచే అడుగుతోంది. యూరప్ పంపాలంటే పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ పరీక్ష కాగితం కావాలి. ఏ దేశం పంపినా, ఏ పెట్టెలో ఏ చెరువు సరుకుందో చెప్పాల్సిందే. కాబట్టి దేశం పేరు మీద కాకుండా, ఇలా ఎటు తిరిగినా కావాల్సిన సామర్థ్యాల మీద డబ్బు పెట్టండి.

ప్రభుత్వంతో పని ఉంటే

అమెరికా ప్రభుత్వం 1996 నాటి చట్టం తర్వాత 1999లో తన శాఖల కోసం ఎఫ్ఈఏఎఫ్ అనే నమూనా తెచ్చుకుంది. మన కేంద్ర ఐటీ శాఖ 2018లో ఇండ్‌ఈఏ (ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్) నమూనా తెచ్చింది. మన రాష్ట్రంలో ఈ-ప్రగతి కూడా ఈ దారిలో నడిచిన ప్రయత్నమే. ఇవి శాఖలు శాఖలతో మాట్లాడుకోవడానికి. మీరు ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ అయితే ఇండ్‌ఈఏ చదవక తప్పదు. రొయ్యలమ్మే కంపెనీ అయితే దాని జోలికి పోనక్కర్లేదు.

మరి ఎవరికి ఏది?

ఒక రైస్ మిల్లు, ఒక అకౌంటెంట్, ఒక ట్యాలీ ఉంటే ఏదీ వద్దు. సొంత ధాన్యం లెక్కా, ప్రభుత్వం మరాడించమని ఇచ్చిన ధాన్యం లెక్కా కలవకుండా చూసుకోండి. క్వింటాకి 67 కిలోల పచ్చిబియ్యం అప్పగించాల్సిన చోట మీ బస్తా 75 కిలోలదన్న సంగతి గుర్తుంచుకోండి. ఒక పేజీ కాగితం మీద ఈ మాటల అర్థాలు రాసి గోడకి అంటిస్తే అదే మీ ఆర్కిటెక్చర్.

రెండు నుంచి ఐదు యూనిట్లున్న కుటుంబ కంపెనీ అయితే ముందు కాపురం సంగతి ఒక మధ్యాహ్నం తేల్చుకుని, మూడు వారాలు పు-వా పట్టిక వేయండి. ఈ రెండూ పూర్తికాకుండా ఏ సాఫ్ట్‌వేర్ డెమోకీ కూర్చోవద్దు. కూర్చుంటే ఆ స్క్రీన్లు చూసి మీ వ్యాపారాన్ని మార్చుకుంటారు.

ఐదారు వందల మంది ఆఫీసు ఉద్యోగులు, బయటి పెట్టుబడిదారులు, వరుసగా ప్రాజెక్టులు ఉంటే పై రెండూ చేశాక టోగాఫ్. అందులోనూ లక్ష్యం, తేడా, వరుస, కాపలా అన్న భాగాలే తీసుకోండి. చివరి భాగాన్ని మాత్రం వదలొద్దు. ఎంత మంచి కాలువైనా తలుపు దగ్గర నీళ్లు వదిలే లస్కరు లేకపోతే దాళ్వాలో చివరి ఆయకట్టుకి నీరు చేరదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎవరు కొనాలన్నా ముందు ఒక మనిషి సంతకం పెట్టాలి, ఆ మనిషికి వద్దు అనే అధికారం ఉండాలి. యజమాని గారి అల్లుడు తెచ్చిన యాప్‌కి కూడా.

కన్సల్టెంటుని పిలిస్తే డబ్బు మాట్లాడేముందు ఒకటి అడగండి: "మూడు వారాలయ్యాక మా చేతికి ఏం వస్తుంది?" ప్రస్తుత పరిస్థితి అధ్యయనం అంటే ఆలోచించుకోండి. నాలుగు 'పు'లున్న వరుసల పేర్లు, వాటిలో ఏది ఎవరికి అప్పగించాలో చెబుతాం అంటే కూర్చోబెట్టండి.

పాలకొల్లు వాళ్లు ఈ పు-వా దారే ఎంచుకున్నారు. 'రైతు' తేలిపోయింది: భూమి, లీజు, ఖాతా, రిజిస్ట్రేషన్ నాలుగు పాత్రలుగా విడదీసి, ఒకే మనిషికి ఎన్ని పాత్రలైనా ఉండేలా పెట్టారు. 'చెరువు' దగ్గర చిక్కొచ్చింది. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరే వాడదామంటే తీరంలో ఉప్పునీటి చెరువులు కేంద్రం అథారిటీ కింద, లోపలివి రాష్ట్రం కింద. పైగా ఒక నంబరు కింద నాలుగైదు చెరువులుంటాయి. చివరికి సొంత నంబరు వేసుకుని, ప్రభుత్వ నంబరు పక్కన రాసుకుంటున్నారు. ఆ సొంత నంబరు ఎవరు ఇవ్వాలన్న దాని మీద మేత విభాగానికీ కొనుగోలు విభాగానికీ పంచాయితీ ఇంకా నడుస్తోంది. వచ్చే మంగళవారం మళ్లీ మీటింగు ఉంది, ఫీల్డు కుర్రాళ్లని కూడా రమ్మన్నాను.